ఏడు గంటల సంచి

సాల్టర్ కనుమ మీది పిల్చర్ గుడిసె దగ్గర చీకటి పడ్డాక ఎవరూ ఆగరు. ఆగితే... ఎవరో ఉమ్ముతారు.

అరవరు. ఏడవరు. తలుపులు కొట్టరు. ఉత్త ఉమ్మడమే. మన వెనకే, చెవికి జానెడు దూరంలో — "థూ!" తిరిగి చూస్తే మంచు, మంచు వెనక చెట్లు, చెట్ల వెనక చీకటి. అంతే.

దుప్పి వేటకు వెళ్ళినవాళ్ళు విన్నారు. మంచుబండ్ల మీద షికారుకు వెళ్ళినవాళ్ళు విన్నారు. ఓ పాస్టరు కూడా విన్నాడు. దెయ్యం భయపెడితే ప్రార్థన చేసుకోవచ్చు గాని, దెయ్యానికే మనల్ని చూసి అసహ్యం వేస్తే ఏం చెయ్యాలి అని అడిగాడట ఆయన. మళ్ళీ ఆ దారిన పోలేదు.

ఆర్డెన్ పిల్చర్ ఆ గుడిసెలో ముప్పై ఒక్క చలికాలాలు ఒంటరిగా ఉన్నాడు. మంచు కొలవడం ఆయన పని. బోలు గొట్టం ఒకటి మంచులో దించి, పైకి తీసి, కాటా వేసి, ఎన్ని అంగుళాల మంచు, అందులో ఎన్ని అంగుళాల నీళ్ళు అని పుస్తకంలో రాసేవాడు. వేసవిలో కింద లోయలో దుంపల రైతు కాలవకు ఎంత నీరొస్తుందో ఆ అంకెను బట్టే తెలిసేది. ఆయన తిండి డబ్బా చేపలు. కాలక్షేపం పొగాకు నమలడం. మాటలు తక్కువ. ఒకసారి పట్నం నుంచి వచ్చిన సహాయకుడు బయటి చలికి జడిసి, పొయ్యి పక్కనే కూర్చుని నిన్నటి అంకెకు రెండు కలిపి రాశాడట. పిల్చర్ పుస్తకం తెరిచి చూశాడు. గురి చూసి ఆ పేజీ మీద ఉమ్మాడు.

ఓ ఫిబ్రవరిలో పోయాడాయన. ఏప్రిల్ దాకా ఎవరికీ తెలియలేదు. కొండ ఎలుకలకు మాత్రం ముందే తెలిసింది. శవాన్ని దించడానికి వెళ్ళిన నలుగురిలో ఇద్దరు మళ్ళీ జన్మలో డబ్బా చేపలు ముట్టలేదు. ఇంతకన్నా చెప్పడం మర్యాద కాదు.

ట్వైలా రాస్‌బాండ్ ఇవన్నీ వింది, నవ్వేసింది. ఆమెకు దెయ్యాలంటే భయం లేదు. ఆమె భయమంతా మురికి అంటేనే.

మేఘాలకు వెండి పొగ పెడితే కొండ మీద మంచు ఎక్కువ పడుతుందా లేదా — ఈ సంగతి తేల్చడానికి ఐడహో కొండల్లో ఆ చలికాలం ఓ శిబిరం వేశారు. తుఫాను వచ్చిన ప్రతిసారీ ఆఫీసులో ఓ మూసిన కవరు తీస్తారు. లోపల చీటీ మీద "పొగ" అని ఉంటుంది, లేకపోతే "వద్దు" అని ఉంటుంది. పొగ పెట్టే మనిషి అవతలి లోయలో ఉంటాడు. సంచుల లెక్క తేలేదాకా అతనికి తప్ప కొండ మీద ఇంకెవరికీ ఆ చీటీ సంగతి తెలియదు. తెలియకూడదు. తెలిస్తే చేతులు అబద్ధం చెబుతాయి.

ట్వైలా పని మంచు పట్టడం. ఆ పిల్చర్ గుడిసె పక్కనే ఓ పళ్ళెం పెట్టి, తుఫాను సాగినంతసేపూ అరగంటకొకసారి, దాని మీద పడిన మంచును సంచిలోకి ఎత్తి, మూసి, గంటా నిమిషమూ రాయాలి. ఆ సంచుల్లో వెండి ఎంత ఉందో కింద లాబ్‌లో చూస్తారు. లక్ష కోట్ల పాళ్ళ మంచులో పది పాళ్ళ వెండి ఉన్నా పట్టేస్తారు. అందుకని తెల్ల అంగీ, ఒకదాని మీద ఒకటి రెండు జతల గ్లవ్స్. ఉంగరం తియ్యాలి. గాలికి ఎదురుగా నిలబడాలి. దగ్గు వస్తే పక్కకు వెళ్ళి దగ్గాలి. పొగాకు మాట శిబిరంలో ఎత్తకూడదు, పీల్చేదైనా నమిలేదైనా. అందులోనూ లోహాలుంటాయి. పొగాకు మానలేనివాళ్ళను మొదటి వారంలోనే పంపించేశారు.

ట్వైలాకు ఈ నియమాలు బరువు కాలేదు. ఇంట్లో ఆమె నియమాలు ఇంతకంటే గట్టివి.

కాని డిసెంబరులో ఓ తుఫాను వచ్చింది. కవరులో "వద్దు" అని ఉంది. ఎక్కడా పొగ పెట్టలేదు. అయినా పిల్చర్ గుడిసె సంచుల్లో వెండి వచ్చింది. మంచు పట్టే మిగతా మూడు చోట్లా సున్నా.

శిబిరం పెద్ద గ్రాంట్ హెల్క్విస్ట్, పదకొండు మంది ముందు, పొద్దుతిరుగుడు గింజలు కొరికి తొక్కలు కాఫీ కప్పులోకి ఊస్తూ అన్నాడు: "ఆకాశం నుంచి రాలేదు. అంటే చేతుల నుంచే వచ్చింది. ట్వైలా, నీ చేతులు మురికి. ఇంకొక్కసారి ఇలా వస్తే ఆ చోటూ ఉండదు, నువ్వూ ఉండవు."

అప్పుడు ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఆమె చెవిలో అలాగే ఉండిపోయింది. అన్నం తింటుంటే వినిపించేది. చేతులు కడుక్కుంటుంటే మరీ.

*

జనవరిలో మళ్ళీ తుఫాను కమ్మింది. కొండెక్కే ముందు ట్వైలా శిబిరం ఫోనులో పిల్లలతో మాట్లాడింది. పిల్లలు మూడు గంటల దారి అవతల నాంపాలో చెల్లెలి దగ్గర ఉన్నారు. కెన్లీకి తొమ్మిదేళ్ళు, టేట్‌కు ఆరు.

"బడి నుంచి రాగానే చేతులు కడుక్కున్నారా?"

"కడుక్కున్నాం," అంది కెన్లీ.

"సబ్బుతో?"

"అమ్మా! సబ్బుతోనే. వేళ్ళ మధ్య కూడా. టేట్ గాడు మాత్రం సబ్బు వాసన చూసి వదిలేశాడు."

"అబద్ధం!" అని వెనక నుంచి టేట్ అరిచాడు.

"టేట్‌ను ఫోను దగ్గరికి రమ్మను..."

"అమ్మా, ఆగు." కెన్లీ గొంతు తగ్గించింది. "పిన్ని ఎవరితోనో అంటుంటే విన్నాను. నీ చేతులు మురికని మీ ఆఫీసులో అన్నారట. నిజమా?"

ట్వైలా ఫోను ఇంకో చెవికి మార్చుకుంది.

"నిజం కాదు."

"మరి వాళ్ళకు అలాగే చెప్పు."

"చెబితే చాలదమ్మా. చూపించాలి."

*

ఆమెను పైకి తీసుకెళ్ళింది డీ ఎచెవెరియా. అరవై దాటిన మనిషి. స్పెయిన్ కొండల నుంచి వలస వచ్చిన బాస్క్ గొర్రెల కాపరి కూతురు. మంచుబండి నడపడంలో ఆ కొండల్లో ఆమెకు సాటి లేరు.

గుడిసె దగ్గర బండి ఆపి, ఇంజను ఆపకుండానే అంది డీ. "ఏమే పిల్లా, నేను కిందనే, మేఘాల్ని కనిపెట్టే రాడార్ బండి దగ్గర ఉంటా. పావుగంట దూరం. రేడియో ఎప్పుడు నొక్కినా పలుకుతా. ఒక్కటి చెబుతా విను. ముసలాడు ఉమ్మితే నువ్వు తిరిగి ఉమ్మకు."

"ముసలాడూ లేడు, ఏమీ లేడు."

"మా నాన్న కూడా అట్లానే అనేవాడు. ఆ తర్వాత ఈ పక్కకు గొర్రెల్ని తోలడం మానేశాడు." ఓ పొట్లం అందించింది. "ఎర్ర సాసేజీ రొట్టె. తిను."

"పని అయ్యాకే తింటా. చేతులు..."

"ఆ, ఆ, తెలుసు. చేతులు." డీ నవ్వి, పొట్లం మళ్ళీ తన జేబులో దోపుకుని, బండి తిప్పింది.

నాలుగున్నరకు మొదటి సంచి.

ఐదుకు రెండోది. అప్పటికే వెలుగు పోయింది. నైరుతి నుంచి గాలి. మంచు అడ్డంగా కొడుతోంది. నుదుటి దీపం వెలుగులో ఆమె చేతులు, పళ్ళెం, సంచి — మూడే కనిపిస్తున్నాయి. వెనక గుడిసె ఉందని తెలుసు గాని కనిపించడం లేదు.

వాసన మాత్రం వస్తోంది.

ఆ చలిలో వాసన రాకూడదు. అయినా వస్తోంది. పులిసిన, ఉప్పటి, ముక్కులో అతుక్కుపోయే వాసన. నోటితో ఊపిరి పీల్చింది. ఈసారి అది నాలుక మీదికి వచ్చింది.

ఐదున్నరకు మూడో సంచి మూస్తుండగా —

"థూ!"

సంచిని రెండు చేతులా ఒడిసిపట్టింది. పడలేదు.

వెనక్కి తిరగలేదు ఆమె. ముందు సంచి మూసింది. గంట రాసింది. పెట్టెలో పెట్టింది. అప్పుడు తిరిగింది. మంచు... మంచు వెనక చెట్లు...

కప్పు మీది మంచు జారి ఉంటుంది, అనుకుంది.

ఆరు గంటలకు మళ్ళీ. ఈసారి రెండుసార్లు. "థూ... థూ!" పళ్ళేనికి బారెడు దూరంలో తెల్లటి మంచు మీద గోధుమరంగు చుక్కలు. తడిగా. పొగాకు నమిలి ఊసినట్టు.

ఆమె రేడియో నొక్కింది. "డీ..." ఎందుకో గుసగుసగానే వచ్చింది గొంతు. "నువ్వు ఇక్కడికి వచ్చావా?"

"నేనెందుకు వస్తా? ఇక్కడే కూర్చుని నీ రొట్టెలో సగం కూడా తింటున్నా." కాసేపు గరగర. "...ఏమైంది?"

"ఏమీ లేదు."

"ఉమ్మాడా?"

ట్వైలా రేడియో కట్టేసింది.

ఆరున్నరకు ఐదో సంచి. మూత బిగిస్తున్నంతసేపూ ఆమె బుర్రలో ఒకటే తిరుగుతోంది. ఆ గోధుమ చుక్కలు పళ్ళెంలో పడితే? పడ్డాయా? డిసెంబరులో కూడా పడ్డాయా? అప్పుడూ ఇదే నైరుతి గాలి. దెయ్యం సంగతి దేవుడెరుగు. తన మంచులో ఎవరో ఏదో కలుపుతున్నారు. అదీ ఆమె భరించలేనిది.

పళ్ళెం మీద కొత్త ప్లాస్టిక్ పరిచింది. ఏడుకు ఇంకా అరగంట ఉంది. టార్చి తీసుకుని గుడిసె తలుపు తోసింది.

లోపలి గాలి ముఖానికి తడిగుడ్డలా తగిలింది. ఛీ! కళ్ళు మండాయి. కిందంతా పెంటికలు, నడుస్తుంటే జొన్నల మీద నడిచినట్టు కరకరమన్నాయి. మూలన తుప్పు పట్టిన పొయ్యి. దాని పక్కన కుర్చీ. కుర్చీ సీటు మీద మనిషి కూర్చున్నంత మేర నల్లటి మచ్చ... చూపు తిప్పేసుకుంది.

"థూ!"

పైనుంచి. అటక మీద నుంచి.

నిచ్చెన ఉంది. ఎక్కకూడదు అని ఒళ్ళంతా చెబుతోంది. ఒక్కో మెట్టూ ఎక్కింది. మెట్లు జిగటగా ఉన్నాయి. గ్లవ్స్ అతుక్కుని, సాగి, టప్‌మని ఊడి వస్తున్నాయి. తల అటకపైకి చేరింది. టార్చి వేసింది.

ముందు అదేమిటో అర్థం కాలేదు. నడుమెత్తు గుట్ట. నల్లగా, నిగనిగలాడుతూ, పైన బెల్లం పాకం పోసి ఆరబెట్టినట్టు. ఆ పాకంలో పుల్లలు, ఎముకలు, చేపల డబ్బా మూతలు, సీసా బిరడాలు, ఓ చెంచా, ఓ కళ్ళజోడు ఫ్రేము, కట్టుడు పళ్ళ పైవరస... అన్నీ కూరుకుని ఉన్నాయి. పాకం కాదది. ఏళ్ళ తరబడి తరాల ఎలుకలు పోసిన మూత్రం, పొర మీద పొర ఎండి గట్టిపడినది. గుట్ట పైన పందికొక్కంత కొండ ఎలుక, ఉడత లాంటి గుబురు తోకతో, ఆమె వంకే చూస్తూ కూర్చుంది. ఏమాత్రం భయం లేదు దానికి. ఇల్లు దానిది మరి.

గుట్టలో గుచ్చి, నిలువుగా, ఏటవాలుగా — అట్ట గొట్టాలు. ముప్పై దాకా ఉంటాయి.

అవేమిటో ఆమెకు తెలుసు. అంతకు ముందు చలికాలం ఇదే కనుమ మీద పొగ పెట్టి చూశారు, ఈ గొట్టాలే వెలిగించి. లోపలి వెండి మందు కాలిపోయాక మిగిలే బూడిద నిండా వెండే. అందుకే ఖాళీ గొట్టాలను ఒక్కటి కూడా వదలకుండా కిందికి దించాలని నియమం. "అన్నీ దించేశాం" అని గ్రాంట్ కాగితం మీద రాసి ఇచ్చాడు. ఇదిగో, ప్రతి గొట్టం మీదా టేపు, టేపు మీద తేదీ, గ్రాంట్ చేతిరాతలో గ్రాంట్ పొడి అక్షరాలు. మోసుకెళ్ళడానికి బద్ధకించి అటక మీదికి విసిరేశాడు. ఎలుకలు వాటిని ఇంటికి దూలాలు చేసుకున్నాయి.

నైరుతి కిటికీకి అద్దం లేదు. ఎదుటి కిటికీకీ లేదు. గాలి విసురుగా లోపలికి వచ్చింది, గొట్టాల మూతుల మీదుగా పోయింది...

"థూ!"

నోరు తెరిచిన గొట్టంలోంచి బూడిద పొడి లేచి, ఎదుటి కిటికీలోంచి బయటికి పోయింది. సరిగ్గా ఆమె పళ్ళెం మీదికి. చూరు అంచున గోధుమరంగు ఎలుక మూత్రం బొట్లు కడుతోంది. గాలికి అదీ ఎగిరి పడుతోంది.

అంతే. ఇంతే దెయ్యం.

ఆమెకు నవ్వు రాలేదు. డోకు వచ్చింది. ఎలుకల మీద కాదు. అవి ఎలుకలు, వాటి బతుకు అది. పదకొండు మంది ముందు గింజల తొక్కలు ఊస్తూ "నీ చేతులు మురికి" అన్న ఆ నోరు గుర్తొచ్చింది. నిచ్చెన దిగేలోపే వాంతి అయింది. చేతులు అడ్డం పెట్టుకుంది. గ్లవ్స్ మీద, అంగీ మీద, బూట్ల మీద...

తర్వాత మళ్ళీ పైకెక్కింది. గొట్టాలన్నిటినీ పీకి, పడుకోబెట్టి, పాత గోనెపట్టా కప్పి అదిమిపెట్టింది. ఒక్క గొట్టం మాత్రం విడిగా సంచిలో వేసుకుంది. ఎలుక కదలకుండా చూసింది.

బయటికి వచ్చేసరికి ఏడు. పళ్ళెం మీద మంచు ఉంది. ఎత్తాల్సిన వేళ. ఆమె తన చేతులు చూసుకుంది.

పుస్తకం తెరిచి రాసింది: "ఏడు గంటల సంచి తీయలేదు. నా చేతులు మురికి."

ఆ మాట తన చేత్తోనే రాయాల్సి వచ్చింది. రేడియో నొక్కి డీని రమ్మంది.

గొట్టాల మీద పట్టా ఉంది. గాలి కూడా పడిపోయింది. కొండంతా నిశ్శబ్దం... అప్పుడు ఒక్కసారి. నెమ్మదిగా. తీరిగ్గా. గుడిసెలోంచి కాదు, పైన, పిల్చర్ కాలం నాటి కొలతకర్ర పాతి ఉన్న వైపు నుంచి —

"థూ."

డీ వచ్చిందనుకుంది. "డీ?" అంది.

డీ బండి దీపం పావుగంట తర్వాత గాని చెట్ల మధ్య కనిపించలేదు.

*

శిబిరంలో ఫ్రీజర్ ముందు ట్వైలా పెట్టె తెరిచి లెక్క చూసింది. నాలుగున్నర, ఐదు, ఐదున్నర, ఆరు, ఆరున్నర. ఐదు సంచులు.

పెట్టెలో ఆరు ఉన్నాయి.

ఆరోదాని మూత వాళ్ళ పద్ధతిలో లేదు. నోరు మూడు మడతలు మడిచి పురికొసతో కట్టి ఉంది. మీద వడ్రంగి పెన్సిలుతో లావుగా రాసి ఉంది: "7. కొత్త మంచు 6. నీళ్ళు అర."

"డీ... ఇది నువ్వు పెట్టావా?"

డీ వంగి చూసింది. మొహంలో రంగు పోయింది. సంచిని ముట్టుకోలేదు.

"పిల్లా, మంచూ నీళ్ళూ అలా అంగుళాల్లో ఇప్పుడు ఎవరు రాస్తారు?" అంది చివరికి. "నిన్ను ఎక్కించుకునేటప్పుడు చూశా. పైన ఆ పాత కొలతకర్ర పక్కన గుండ్రటి రంధ్రం ఉంది మంచులో. బోలు గొట్టం దించి తీసినట్టు. అంచులు ఇంకా పూడలేదు. చుట్టూ అడుగులు లేవు. నీకు చెప్పడం ఎందుకులే అనుకున్నా."

ఆరు సంచులూ లాబ్‌కు వెళ్ళాయి. పుస్తకంలో ట్వైలా ఉన్నదున్నట్టే రాసింది. ఆరోది ఎవరు నింపారో తెలియదు, అని. గొట్టం ఉన్న సంచి డీ బండి సీటు కింద పడుకుంది.

*

తొమ్మిదో రోజు గ్రాంట్ ఆమెను గదిలోకి పిలిచాడు. డీ కూడా వెంట వచ్చి తలుపు దగ్గర నిలబడింది. పిలవని పేరంటమే గాని ఆమెను పొమ్మనే ధైర్యం ఆ శిబిరంలో ఎవరికీ లేదు.

"కవరు సంగతి బయటపెట్టారు," అన్నాడు గ్రాంట్. "వద్దు అని ఉంది. ఆ రోజు పొగ లేదు."

"సంచులు?"

"ఐదింటిలో వెండి. డిసెంబరు కంటే ఎక్కువ." గింజ కొరికాడు. "ఆరోదానిలో సున్నా. తన ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో అంత శుభ్రమైన మంచు చూడలేదని లాబ్ వాడు ఫోన్ చేసి మరీ చెప్పాడు."

డీ ముందుకు వచ్చి గొట్టం ఉన్న సంచిని బల్ల మీద పెట్టింది. టేపు, తేదీ, పొడి అక్షరాలు పైకి కనిపించేట్టు.

గ్రాంట్ కొరకడం ఆపాడు.

"అటక మీద ఇలాంటివి ముప్పై ఉన్నాయి," అంది ట్వైలా.

గ్రాంట్ కప్పు పక్కన పెట్టాడు. తర్వాత లేచి వచ్చి, ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఉప్పు, ఎంగిలి అంటిన వేళ్ళు. ఆమె ఒళ్ళు ముడుచుకుపోయింది.

"చూడు ట్వైలా. ఇది బయటికి పొక్కితే రెండు చలికాలాల పని బూడిద. శిబిరం ఎత్తేస్తారు. పదకొండు మంది ఇళ్ళకు పోతారు. నువ్వూ పోతావు. దానికంటే సులువు దారి ఉంది." బల్ల మీద ఓ కాగితం జరిపాడు. ఆరో సంచి తాలూకు కాగితం. చూసినవారు అన్న చోట గ్రాంట్ సంతకం అప్పటికే ఉంది, సంచిని కళ్ళతో చూడకుండానే. నింపినవారు అన్న చోట ఖాళీ. "ఐదు సంచులు పాడయ్యాయని పారేద్దాం. గాలి అని రాద్దాం. ఇది నువ్వే నింపానని సంతకం పెట్టు. నీ చేతులు ఈ కొండల్లోకెల్లా శుభ్రమని నేనే అందరి ముందూ చెబుతా. డిసెంబరు మచ్చ కూడా పోతుంది. ఏం?"

"నేను నింపలేదు."

"మర్చిపోయి ఉంటావు. ఆ రాత్రి నీకు ఒంట్లో బాగాలేదు."

"పుస్తకంలో రాశాను, తీయలేదని."

"పుస్తకంలో పేజీలు ఊడుతుంటాయి."

తలుపు దగ్గర డీ ఏదో తిట్టింది, వాళ్ళ నాన్న భాషలో.

ట్వైలా కలం తీసుకుంది. ఒక్క సంతకం. పదకొండు మంది ముందు పోయిన పేరు పదకొండు మంది ముందే తిరిగి వస్తుంది. నాంపాకు ఫోన్ చేసి, చూపించానమ్మా, అని చెప్పొచ్చు. సంచి నిజంగానే శుభ్రం. మంచు నిజంగానే ఆకాశం నుంచి పడింది. అబద్ధం ఒక్కటే, ఆ ఖాళీలో పట్టేంత చిన్నది.

కలం పట్టుకున్న వేళ్ళ వంక చూసుకుంది. సబ్బుతో పొద్దుటి నుంచి ఆరుసార్లు కడిగిన వేళ్ళు.

నింపినవారు అన్న చోట స్పష్టంగా రాసింది: "నేను కాదు." కింద పూర్తి పేరు. ఇంకో గీతలో: "మిగతా ఐదింటిలో వెండి అటక మీది గొట్టాలది. గొట్టాలు గ్రాంట్ హెల్క్విస్ట్‌వి."

"పిచ్చిదానివి," అన్నాడు గ్రాంట్. మొహం ఎర్రబడింది. "నీ చేత్తో నువ్వే..." అని కాగితం లాక్కోబోయాడు.

"థూ!"

ముగ్గురూ ఆగిపోయారు.

గది కిటికీ మూసి ఉంది. బయట గాలి లేదు. బల్ల మీది గొట్టం సంచిలో, మూతి బిగించి, ఉన్నచోటే ఉంది. గ్రాంట్ నోరు తెరిచే ఉంది. లోపల గింజల తొక్కలు తెల్లగా కనిపిస్తున్నాయి.

కాగితం మీద అతని సంతకం కనిపించడం లేదు. దాని మీద అరచేయంత గోధుమరంగు ముద్ద. వెచ్చగా ఉన్నట్టుంది, సన్నగా ఆవిరి లేస్తోంది. గదినిండా పొగాకు ఘాటు... ఆ వెనకే డబ్బా చేపల నీచు వాసన.

ముద్ద మెల్లగా కిందికి జారింది. బల్ల అంచు దాకా వెళ్ళి, గ్రాంట్ బూటు మీద బొట్టు బొట్టుగా పడింది.

ట్వైలా పేరు మీద ఒక్క చుక్క కూడా పడలేదు.